చుక్కమ్మ కొలిచిన నాలుగు ఇంజన్లు

ఆ రేస్ ట్రాక్ చుట్టుపక్కల ఎవరిని కదిపినా ఇదే చెప్తారు. చుక్కమ్మ తన జన్మలో ఒక్కసారే ఏడ్చిందట. ఆ కన్నీటి బొట్టు పోయి సరిగ్గా ఒక ఇంజన్ సిలిండర్లో పడిందట. ఆవిడ ముక్కు తుడుచుకుని, ఆ బొట్టును కూడా లెక్కలో వేసి, బొట్టెడు చోటు తక్కువైందని తేల్చి, బండిని పోటీలోంచి తోసేసిందట. ఆ బండి మొగుడిదని కొందరంటారు. తోసేసింది మొగుణ్ణేనని ఇంకొందరంటారు.

నిజానిజాల సంగతి ఎలా ఉన్నా, నూట అరవై కిలోమీటర్ల వేగంలో మోకాలు నేలకు రాసుకుంటూ మలుపు తిరిగే మొనగాళ్లకు కూడా ఆవిడ గది గుమ్మంలో అదే మోకాలు వణికేది. టైర్ల గుట్టకూ మరుగుదొడ్లకూ మధ్య రేకుల కప్పు వేసిన గది అది. దాన్ని కొలత గది అనేవాళ్లు. లోపల ఒక ఇనుప బల్ల, మేస్త్రీలు వాడే రసమట్టం, ఎర్రరంగు కలిపిన పల్చటి నూనె డబ్బా, కొలిచిన ఇంజన్లకు సీసపు సీలు వేసే పటకారు, ఒక పుస్తకం. అన్నిటికీ మించి బ్యూరెట్. నిలువునా సన్నసన్న గీతలున్న గాజు గొట్టం, కింద చిన్న కుళాయి. ఆవిడ ఒక కాలేజీ ల్యాబులో పద్నాలుగేళ్లు అటెండరుగా చేసింది. కాలేజీ మూతపడ్డాక మూతి విరిగిన ఆ బ్యూరెట్ ఆవిడ వెంట వచ్చింది. క్లబ్బులో గాజు గొట్టం మీద గీతలు చదవడం చేతనైన మనిషి ఇంకొకరు లేక, ఆ కుర్చీ ఆవిడకు దక్కింది.

అక్కడ పరిగెత్తేవన్నీ మూడువందల యాభై సీసీ బండ్లే. పిస్టన్ పైకొచ్చి ఆగినప్పుడు దాని నెత్తిన మిగిలే ఖాళీ ఎంత చిన్నదైతే, లోపలి గాలీ పెట్రోలూ అంత గట్టిగా నలుగుతాయి. ఎంత నలిగితే ఇంజన్ అంత గట్టిగా తంతుంది. దాన్నే కంప్రెషన్ అంటారు. బడి ఎగ్గొట్టి షెడ్డులో పెరిగినవాడికి ఇది పదేళ్లకే ఒంటబడుతుంది. ఇంజనీరింగ్ చదివినవాడికి నాలుగేళ్లూ, ఆ తర్వాత ఒక షెడ్డూ కావాలి. పిండుడు మితిమీరకుండా క్లబ్బు ఒక గీత గీసింది. ఆ ఖాళీలో కనీసం ముప్పై తొమ్మిది మిల్లీలీటర్లు పట్టాలి. తగ్గితే బండి ఇంటికి.

చుక్కమ్మ ఇంజన్‌ను ఒక పక్కకు వంచి, ప్లగ్గు విప్పి, ఆ రంధ్రంలోకి బ్యూరెట్ నుంచి ఎర్ర నూనె వదిలేది. మొదట ధార, తర్వాత బొట్లు, చివర్లో ఒక్కో చుక్క. నూనె రంధ్రం అంచుకు వచ్చి నిలిచేదాకా గదిలో ఈగ కూడా రెక్క ఆడించేది కాదు. ఆపైన ఆవిడ వంగి, అద్దాలు సర్దుకుని, గీత చదివి అంకె చెప్పేది. మారు మాట ఉండేది కాదు. ఆ చుక్కల వల్లే చుక్కమ్మ అయింది, ఆవిడ అసలు పేరు ఓటరు కార్డుకు తప్ప ఎవరికీ గుర్తు లేదు.

ఇంతకీ తంటా అంతా రూల్లో లేని మాట దగ్గర వచ్చింది. "కొలత పోటీ ముగిశాక తీయాలి" అని రాసి ఊరుకున్నారు. ఇంజన్ వేడిగా ఉండగానా, చల్లారాకా అన్నది లేదు. మొదటి ఏడాది చుక్కమ్మ బండి ఆగీ ఆగగానే చెయ్యి వేసింది. కుడి అరచెయ్యి సిలిండర్ రెక్కలకు అంటుకుని చారలు చారలుగా కాలింది. మర్నాటి నుంచి గంటన్నర చల్లారితే గానీ ముట్టుకోనంది. ఎవరూ కాదనలేదు. ఆ గంటన్నరలో టీ తాగొచ్చు, ఒకరినొకరు కడుపారా తిట్టుకోవచ్చు. పదకొండేళ్లు గడిచేసరికి ఆ చల్లార్పు రూలు కన్నా గట్టిపడి కూర్చుంది.

ఆ ఏడాది ఆవిడ మరిది ఇంజన్ కట్టిన బండి ఆరు పందేల్లో అయిదు కొట్టేసింది. మరిది చేతిలో పని ఉంది, నోట్లో అంతకు రెట్టింపు ఉంది. గెలిచిన ప్రతిసారీ పక్క షెడ్డువాళ్ల ముందు నిలబడి మెల్లగా చేతులు తుడుచుకునేవాడు. అందరి బండ్లూ చివరి రౌండ్లలో వేడెక్కి నీరసపడుతుంటే, వాడిది మాత్రం అప్పుడే నిద్ర లేచినట్టు లాగేది.

ఇది చూడలేక కడుపు మండినవాడు తుప్పు. అరవై ఎనిమిదేళ్ల ఇంజన్ మేస్త్రీ. తుప్పు పట్టిన బోల్టు కూడా పారేయడు కాబట్టి ఆ పేరు. పారేయకపోవడమే కాదు, ఇతరులు పారేసింది ఏరుకుంటాడు. అలా మరిది చెత్త డబ్బాలో ఒక విరిగిన కనెక్టింగ్ రాడ్ దొరికింది. పిస్టన్‌ను పైకీ కిందికీ తోసే చెయ్యి అది. అందరూ ఉక్కుది వేస్తే మరిది అల్యూమినియంది వేశాడు. తుప్పు దాన్ని ఇంటికి తీసుకుపోయి, కోడలు వద్దంటున్నా వంటగిన్నెలో ఉడకబెట్టి, చల్లగా ఒకసారి వేడిగా ఒకసారి కొలిచాడు. ఉక్కు సాగే దానికి రెట్టింపు సాగింది. అంటే ఇంజన్ వేడెక్కగానే పిస్టన్ వెంట్రుకవాసి పైకి ఎగబాకుతుంది, ఖాళీ తగ్గుతుంది, పిండుడు పెరుగుతుంది. గంటన్నర చల్లారితే ఏమీ ఎరగనట్టు మళ్లీ కిందికి దిగిపోతుంది.

ఆఖరి పందెం నాటి పొద్దున తుప్పు రాసిచ్చిన ఫిర్యాదు కబురు చుక్కమ్మ ఇంటికి ఆవిడ కన్నా ముందే తెలిసింది. ఆవిడ చెప్పులు వేసుకుంటుంటే అత్తగారు గది తలుపు దగ్గర నిలబడింది.

"చిన్నాడి ఇంజన్ మీద ఎవరో కాగితం రాసిచ్చారట?"

"ఇచ్చారు."

"నువ్వేం చేస్తావు?"

"కొలుస్తాను."

"ఇంట్లో మనిషిని ఇంటావిడే పట్టిస్తే బయటివాళ్లకి పనేముందమ్మా? వాళ్లకి కుర్చీలేసి కూర్చోబెట్టు, చూస్తారు."

చుక్కమ్మ మొగుడు పేపరు వెనక ఉన్నాడు. పేపరు ఇంకొంచెం పైకి లేచింది. అంతకు మించి ఆయన అభిప్రాయం తెలియరాలేదు.

కొలత గదికి చేరేసరికి క్లబ్బు అధ్యక్షుడు, తుప్పు, మరిది ముగ్గురూ బల్ల చుట్టూ ఉన్నారు. అధ్యక్షుణ్ణి గొడుగు అంటారు. ఎండైనా వానైనా ఆయన చంకలో గొడుగుంటుంది, ఏ గొడవ వచ్చినా దాని కింద దూరతాడు. తుప్పు ఉడకబెట్టిన రాడ్‌ను బల్ల మీద ఠంగుమని పడేశాడు.

"ఏమ్మా, ఇది నీ మరిది చెత్తలో దొరికింది. వేడి మీద కొలువు. దమ్ముంటే."

"చెత్త ఏరుకునేవాడు కూడా ఇంజన్ల గురించి మాట్లాడేస్తున్నాడు," అన్నాడు మరిది. "రాడ్ ఏ లోహంతో చెయ్యాలో రూల్లో ఉందా బాబాయ్? లేదు. పదకొండేళ్లుగా చల్లారాకే కొలుస్తున్నారు. నీ బండి కూడా అలాగే కొలిచారు. అప్పుడు నీ దమ్ము ఎక్కడ తాకట్టు పెట్టావు?"

"బండి పరిగెత్తేది వేడిగా. కొలిచేది చల్లగా. ఆ తేడా మధ్యలో నువ్వు పందికొక్కులా దూరావు!"

"దూరే సందు ఉంది, దూరాను. నీకు కనపడలేదు. కళ్లజోడు మార్చుకో."

"సందు ఎవరు ఉంచారు? మీ వదిన! చుట్టరికం చూసుకుని ఉంచింది."

చుక్కమ్మ పుస్తకం తెరిచి తేదీ రాసుకుంటోంది. ఆ మాటకు కలం ఆగింది. మరిది ఇంజన్లు కట్టడం మొదలుపెట్టి నాలుగేళ్లే అయిందనీ, ఆవిడ చల్లారబెట్టడం పదకొండేళ్ల కిందటిదనీ అందరికీ తెలుసు. తుప్పుకూ తెలుసు. తెలిసే అన్నాడు.

గొడుగు గొంతు సవరించుకున్నాడు. "మేడమ్, రూల్లో రెండూ లేవు. కొలిచేది మీరు కాబట్టి ఎలా కొలవాలో మీరే తేల్చండి. కానీ ఇవాళ సాయంత్రానికి నలుగురూ ఒప్పుకునే కొలత చూపించాలి. చూపించలేకపోతే ఆ పటకారు ఈ బల్ల మీద పెట్టేసి వెళ్లండి. బయట నుంచి మనిషిని తెచ్చుకుంటాం."

పదకొండేళ్లలో ఆవిడ అంకెను ప్రశ్నించినవాడు లేడు. ఇంట్లో ఆవిడ మాట పప్పులో ఉప్పు పాటి కూడా చేయదు. ఈ రేకుల గదిలో మాత్రం ఆవిడ నోటి నుంచి వచ్చిన అంకెకు ట్రాకంతా తల వంచేది. పోతే ఆ ఒక్కటీ పోతుంది.

అందరూ వెళ్లాక మరిది వెనకే ఆగాడు. నవ్వుతున్నాడు.

"వదినా, మాట వరసకి చెప్తున్నా. ఆ రోజు నీ చేతికి మందు రాసింది నేనే. గుర్తుందా? నువ్వు ఇక జన్మలో వేడి ఇంజన్ ముట్టుకోవని ఆ రోజే అనుకున్నా. అల్యూమినియం రాడ్ ఆలోచన వచ్చినప్పుడు మొట్టమొదట లెక్కేసుకుంది దాన్నే. నీ గంటన్నర లేకపోతే నా ఇంజనే లేదు తెలుసా?"

వాడు అది మెచ్చుకోలు అనుకున్నాడు.

చుక్కమ్మ వాడి ముఖం వైపు చూసింది. "నా చెయ్యి కాలిన దాని మీద ఇంజన్ కట్టావట్రా నువ్వు?"

"అలా అంటావేంటి వదినా..."

"బయటికి నడు. పందెం అయ్యాక బండిని ట్రాక్ మీంచి సరాసరి ఇక్కడికి తోసుకురా. వేడిగా."

వాడి నవ్వు అక్కడికక్కడే గడ్డకట్టింది. "ఆఖరి రోజు పద్ధతి మారుస్తావా? ఇదేం న్యాయం?"

అందులో న్యాయం పాలెంత, ఒళ్లు మంట పాలెంత అని తూచే ఓపిక ఆ క్షణంలో ఆవిడకు లేదు.

మధ్యాహ్నం పందెంలో మరిది బండి మొదట వచ్చింది, తుప్పు బండి రెండోది. ఇంజన్ ఇంకా టకటకమంటూ ఉండగానే గదిలోకి తెచ్చారు. కిటికీ ఊచలకు జనం గబ్బిలాల్లా వేలాడారు. చుక్కమ్మ మందపాటి తోలు తొడుగులు వేసుకుని ప్లగ్గు విప్పింది. బల్ల కింద నీడలో ఉన్న డబ్బా తీసి బ్యూరెట్ నింపింది. చుక్క, చుక్క, చుక్క. వంగి చదివింది.

"ముప్పై ఏడు పాయింట్ మూడు."

తుప్పు ఎగిరి గంతేసినంత పని చేశాడు. ఆ వయసులో అది నేల నుంచి అంగుళమే అయినా, చూసినవాళ్లు ఇప్పటికీ గజం అంటారు. "దొంగ! అయిదు పందేలూ దొంగతనమే!"

మరిది ముఖం పాలిపోయింది. కానీ వాడు పనివాడు. నోరు ఎండిపోతున్నా లెక్క వాడి బుర్రలో తిరుగుతూనే ఉంది. "అంత తగ్గడానికి వీల్లేదు. రాడ్ సాగితే అరమిల్లీలీటరు తగ్గుతుంది, రెండు ఎలా తగ్గుతుంది? ఈ ముసలాడిది కూడా కొలువు వదినా. ఇప్పుడే. వేడి మీదే."

"కొలవండి! నాకు భయమా?" అని తుప్పు బండిని తనే తోసుకొచ్చాడు.

ముప్పై ఎనిమిది పాయింట్ సున్నా.

ఉక్కు రాడ్ వేసిన, ముప్పై ఏళ్లుగా ఒకే కొలతకు కట్టిన తుప్పు ఇంజన్ కూడా తప్పింది. గదిలో అందరూ ఒకేసారి అరవడం మొదలుపెట్టారు. మూడో బండి తెచ్చారు. ముప్పై ఏడు పాయింట్ తొమ్మిది. నాలుగోది తెచ్చేసరికి తిట్లన్నీ ఇంజన్ల మీద నుంచి ఆవిడ మీదకు తిరిగాయి.

"దీనికి కళ్లు కనపడట్లేదు!"

"మరిదిని కాపాడ్డానికి అందరినీ ముంచేస్తోంది!" ఈ మాట తుప్పుది.

"నన్ను ముంచడానికి తనూ మునుగుతోంది!" ఈ మాట మరిదిది.

గొడుగు తన గొడుగును చంక మార్చుకుని, పటకారు వైపు చూడడం మొదలుపెట్టాడు.

చుక్కమ్మకు ఆ గోల వినబడలేదు. నాలుగో ఇంజన్ ప్లగ్గు రంధ్రం అంచు దాకా ఆవిడ నూనె నింపింది. కుళాయి కట్టేసి అంకె రాసుకుంది. ఎవరూ చెయ్యి వేయలేదు. అయినా ఎర్ర నూనె అంచు మీద మెల్లగా ఉబ్బింది. ఉబ్బి, పొర్లి, ఒక చుక్క సిలిండర్ రెక్కల మీదుగా కిందికి జారింది. దాని వెనకే ఇంకొకటి.

ఆవిడ తొడుగు విప్పి నూనె డబ్బాను తాకి చూసింది. నీడలో ఉన్న చల్లటి నూనె. కుతకుతలాడే ఇంజన్. లోపల పడిన నూనె వేడెక్కి పొంగుతోంది. పొంగిన నూనె తక్కువతోనే ఖాళీ నిండిపోతుంది. నాలుగు కొలతలూ తప్పే. పదకొండేళ్లు చల్లటి ఇంజన్లో చల్లటి నూనె పోసిన చేతికి, ఇంజన్ వేడైతే నూనె కూడా వేడవ్వాలన్న సంగతి తట్టలేదు. కాలేజీలో ఇదే పొరపాటుకు ఎంతమంది పిల్లల్ని గది బయట నిలబెట్టిందో ఆవిడకే లెక్క తెలియదు.

చెప్పకుండా ఊరుకోవచ్చు. ఇంజన్లు చల్లారాక పాత పద్ధతిలో కొలిచి, వేడి కొలత కుదరదని తేల్చేస్తే సరిపోయేది. నూనె ఉబ్బడం ఆవిడ తప్ప ఎవరూ చూడలేదు.

"తప్పు నాది," అంది చుక్కమ్మ. పెద్దగా అనలేదు, అయినా గది సద్దుమణిగింది. "నూనె చల్లగా ఉంది. ఈ నాలుగు అంకెలూ చెల్లవు."

తర్వాత వచ్చిన నవ్వు చెంపదెబ్బ కన్నా అన్యాయంగా ఉంది. "పదకొండేళ్ల నుంచి ఇదేనా చేస్తున్నావ్?" అని వెనక నుంచి ఎవరో అరిచారు. గొడుగు చెయ్యి చాచాడు. చుక్కమ్మ పటకారు తీసి బల్ల మీద పెట్టింది.

"పెట్టాను. ఇప్పుడు బండ్లు మళ్లీ పది నిమిషాలు నడపండి. కొలత పూర్తి చేసి పోతాను."

టీ కొట్టు నుంచి మరుగునీళ్ల గిన్నె తెప్పించి నూనె డబ్బా అందులో దించింది. కాలేజీ నుంచే వెంట వచ్చిన థర్మామీటర్లు రెండు తీసింది, ఒకటి నూనెలో, ఒకటి ఇంజన్ మీద. రెండూ ఎనభై దగ్గర కలిసేదాకా ఎవరితోనూ మాట్లాడలేదు. తొడుగుల్లోంచి వేడి తగులుతున్నా బ్యూరెట్ వదల్లేదు. తుప్పు బండి ముప్పై తొమ్మిది పాయింట్ నాలుగు. మూడోదీ, నాలుగోదీ గీత పైనే. మరిదిది ముప్పై ఎనిమిది పాయింట్ ఏడు. గంటన్నర చల్లారాక మళ్లీ మరిది ఇంజన్ కొలిచింది. ముప్పై తొమ్మిది పాయింట్ రెండు.

"దొరికాడు!" అన్నాడు తుప్పు.

"దొరకలేదు," అంది చుక్కమ్మ, పుస్తకంలో అన్నీ రాస్తూ. చెల్లని నాలుగు అంకెలను కూడా కొట్టేయకుండా, పక్కన 'నూనె చల్లగా ఉంది, నా పొరపాటు' అని రాసింది. "పదకొండేళ్లు చల్లగా కొలిచాను. మీరందరూ దాన్ని నమ్మి ఇంజన్లు కట్టుకున్నారు. వాడూ కట్టుకున్నాడు. పొద్దున కోపంలో మార్చాను, అది కూడా నా తప్పే. ఇవాళ్టి గెలుపు చల్లటి కొలత మీద నిలుస్తుంది. వచ్చే పందెం నుంచి వేడి ఇంజన్, వేడి నూనె. రూల్లో రాయండి."

తుప్పు ఉమ్మేశాడు. "చివరికి చుట్టరికమే గెలిచింది!"

మరిదికి గెలుపు దక్కింది గానీ, ఏడాదంతా కట్టుకున్న ఇంజన్ ఆ ఒక్క మాటతో ఇనుప తుక్కైంది. "నీ కడుపు చల్లబడిందా వదినా? ఇంటికి రా, అమ్మతో చెప్తాను," అన్నాడు.

"చెప్పు. రాడ్ కూడా తీసుకెళ్లి చూపించు."

ఇక పటకారు ఎవరికివ్వాలన్నది మిగిలింది. అసలైన యుద్ధం అప్పుడు మొదలైంది. తుప్పు తన అల్లుడి పేరు చెప్పాడు. ఆ అల్లుడు బ్యూరెట్ అంటే చెవిలో వేసే మందు అనుకున్నాడని మరిది ఎద్దేవా చేసి, తన షెడ్డు భాగస్వామి పేరు చెప్పాడు. మూడో బండివాళ్లు తమ బావమరిదిని తోశారు. గొడుగు తన మేనల్లుడు సైన్సు చదివాడని నసిగాడు. గంటసేపు ఒకరి చొక్కాలు ఒకరు పట్టుకున్నారు. చివరికి చేతులెత్తమంటే, ఎదుటివాడి మనిషి కుర్చీ ఎక్కుతాడేమోనన్న భయంతో తుప్పు పళ్లు నూరుతూ చుక్కమ్మకు చెయ్యెత్తాడు. అది చూసి మరిది అంతకన్నా గట్టిగా పళ్లు నూరుతూ ఎత్తాడు. ఆ గదిలో అందరికీ సరిసమానంగా ఒళ్లు మండేది ఆవిడ ఒక్కతే అని తేలింది. గొడుగు పటకారును రెండు వేళ్లతో ఆవిడ వైపు జరిపాడు. ఆవిడ థాంక్స్ చెప్పలేదు, వాళ్లు ఆశించనూ లేదు. ఆ సాయంత్రం ఇంట్లో అత్తగారు పళ్లెం పెట్టిన చప్పుడు మూడు ఇళ్ల అవతలికి వినిపించింది.

ఇప్పుడు ఆ ట్రాక్ దగ్గర ఈ కథ చాలా పెరిగింది. చుక్కమ్మ పటకారుతో గొడుగును విరిచేసిందనీ, మరుగుతున్న నూనెలో ఒట్టి చెయ్యి ముంచి ఎనభై డిగ్రీలని ఖచ్చితంగా చెప్పిందనీ, 'న్యాయం వేడిగా ఉన్నప్పుడే కొలవాలి' అని గర్జిస్తే నాలుగు ఇంజన్లూ వాటంతటవే ఆగిపోయాయనీ చెప్తారు. ఎవరో ఈ కథంతా ఆవిడ ముందే చెప్పారు. ఆవిడ సీలు వేస్తూ తల కూడా ఎత్తకుండా అంది:

"గొడుగు విరగలేదు. చెయ్యి ముంచలేదు, థర్మామీటరు ముంచాను. గర్జించడమేమీ లేదు. నూనె వేడి చెయ్యడం మర్చిపోయాను. మర్చిపోయానని చెప్పాను."